ఉప్పుమడుగులో రాగి బిందెలు

గవికుంట హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండే చోట ఏళ్ల తరబడి ఒక నాపరాయి పడి ఉండేది. వంటావిడ దాని మీదే వంకాయలు తరిగేది, పిల్లలు దాని మీదే కంచాలు కడిగేవాళ్లు. కొత్త కుళాయి కోసం మేస్త్రీ ఆ రాయిని తిరగేసిన రోజున బడి బడంతా దాని చుట్టూ మూగింది. రాయి అడుగువైపు ఒక కొండ, కొండ కడుపులో ఒక గుహ, గుహలో నీటి అలలు, ఆ అలల కింద మూతులు మూసిన బిందెలు చెక్కి ఉన్నాయి. పక్కనే పాత అక్షరాల్లో ఒక్క ముక్క: "తేలేది అడుగున, మునిగేది నెత్తిన."

ఆ బడి నడుస్తున్నది ఒకప్పుడు పాలెగాడు తిప్పానాయుడు గుర్రాలను కట్టేసిన సాలలో. కుంఫిణీ సిపాయిలు తరుముకొస్తుంటే ఆయన తన నగల పెట్టెను ఉప్పుగవిలో దాచిపోయాడని ఊళ్లో ప్రతి ముసలమ్మా చెబుతుంది. గవి అంటే ఆ పక్క మాటలో గుహ. ఆ గవిలో జనం తవ్వని మూల లేదు. దొరికింది మాత్రం గబ్బిలాల పెంట.

"ఇది గడ్డపారకు దొరికే నిధి కాదండీ, సైన్సుకు దొరికే నిధి!" అని స్టాఫ్ రూంలో అందరి ముందూ ప్రకటించాడు కంబగిరి.

తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పే ఈ కంబగిరి సారుకు జిల్లాలో పెద్ద పేరుంది. ఆయన ఉప్పునీళ్లలో కోడిగుడ్డును తేల్చి చూపిస్తుంటే తనిఖీకి వచ్చిన అధికారులు కూడా టీ చల్లారిపోతున్నా కన్నార్పకుండా చూసేవాళ్లు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. నిధి కూడా తన చేతుల మీదుగా బయటపడితే ఇక తనకు తిరుగుండదని లోలోపల ఉబ్బిపోయాడు.

శనివారం పొద్దున్నే బృందం బయలుదేరింది. కంబగిరి వెంట ముగ్గురు పిల్లలు. మాబున్నికి ఏ విషయమైనా పట్టుకుంటే తేలేదాకా వదలని గుణం. దస్తగిరికి సారు మాట వేదవాక్కు. సుంకన్నకు చీకటంటే భయం, ఆ సంగతి బయటపడుతుందేమోనని ఇంకా భయం. వాళ్లకు తోడుగా వ్యాయామం టీచరు నాగవేణి మేడం, భుజాన తాడు లాగుడు పోటీకి వాడే లావుపాటి తాడు, మెడలో ఈల. కొండ మొదలు దాకానే పోయి రమ్మని హెడ్మాస్టరు మరీ మరీ చెప్పి పంపాడు. సరేనని తలూపిన కంబగిరి ఊరు దాటగానే ఆ మాట మరిచిపోయాడు. పడమటి కొండ మీద మబ్బు పట్టడం చూసి, అది కూడా చూడనట్టే ఊరుకున్నాడు.

చండ్ర చెట్లు, బలుసు కంపలు దారికి అడ్డం పడుతుంటే కర్రలతో కొట్టుకుంటూ ఎక్కారు. ఒక మలుపులో సుంకన్న కొయ్యబారిపోయాడు. తడి మట్టిలో వెడల్పాటి పంజా గుర్తులు, గోళ్లతో సహా!

"ఎలుగు! ఎవరూ ఉరకొద్దండి! ఒగరి చేయి ఒగరు పట్టుకోండి!" అంటూ నాగవేణి చెవులు చిల్లులు పడేలా ఈల ఊదింది. పైనున్న పొదల్లో ఏదో గుర్రుమని, కొమ్మలు విరుచుకుంటూ అవతలి లోయలోకి పారిపోయింది. అందరూ ఒక్క పరుగున గవి నోటి దగ్గరకు చేరారు.

అక్కడ కాస్త ఆయాసం తీర్చుకున్నాక కంబగిరిలోని మేష్టారు నిద్రలేచాడు. "నిధి కావాలంటే ముందు పాఠం. మునగాల్సిన వస్తువు ఎప్పుడు తేలుతుంది?" అని సంచిలోంచి గాజుగ్లాసు తీసి నీళ్లు పోశాడు. ఒక గుడ్డు వేశాడు. అది బుడుంగున మునిగింది. దాన్ని తీసి, జామకాయల్లోకి తెచ్చుకున్న పొట్లంలోంచి చిటికెడు ఉప్పు వేసి కలిపాడు.

నిజానికి చిటికెడు ఉప్పుకు గుడ్డు తేలదు. గ్లాసెడు నీళ్లకు గుప్పెడు పోయాలి, ఓపిగ్గా కలపాలి. బడిలో అంత ఉప్పూ, తనలో అంత ఓపికా లేక కంబగిరి ఎప్పుడో ఒక అడ్డదారి కనిపెట్టాడు. వంటావిడ గుడ్లను నీళ్ల బకెట్లో వేసి, తేలినవాటిని మురిగినవని పక్కన పారేసేది. పాతబడిన గుడ్డులో గాలి చేరుతుంది గదా, అది మంచినీళ్లలోనైనా తేలుతుంది. అలాంటిదొకటి ఆయన జేబులో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఇప్పుడు కూడా గట్టిగా దగ్గి, అటు తిరిగి చేతి రుమాలు దులిపే వంకతో మంచి గుడ్డును జేబులోకి, జేబులోని గుడ్డును గ్లాసులోకి మార్చేశాడు. గుడ్డు తేలింది.

"అబ్బ! ఒగ చిటికెడుకే!" అని చప్పట్లు కొట్టాడు దస్తగిరి.

మాబున్ని చప్పట్లు కొట్టలేదు. "ఇంత ఉప్పు మా అమ్మ మజ్జిగలో ఏస్తాది సార్. ఇంతకే తేలుతాదా? ఇంగోసారి చేసి చూపీండి సార్."

"పుస్తకంలో ఉన్నదాన్నే అనుమానిస్తావా? నీకు మార్కులు వద్దా?" అని కసిరాడు కంబగిరి. పిల్ల తల దించుకుంది. ఆ వంచిన తల చూడగానే ఆయనకు ఎక్కడో చురుక్కుమంది. ఎందుకన్నానా అనిపించింది. అయినా చేసిన పని ఒప్పుకునే ధైర్యం లేక, గ్లాసులో నీళ్లు పారబోసి, "పదండి పదండి" అని టార్చి వెలిగించాడు.

గవి లోపల మొదట విశాలంగా ఉండి, పోనుపోను ఇరుకైంది. గబ్బిలాలు చెంపలను తాకుతూ బయటికి ఎగిరాయి. ఒక చోట దారి పల్లంలోకి దిగి, మోకాటి లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. దాన్ని దాటి, పొట్ట మీద పాకి, తలెత్తేసరికి అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. ఎదురుగా చావడంత గది, పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు, నడుమ నల్లటి మడుగు. మడుగుకు అవతలి పక్క ఒక పెద్ద బండ చూరులాగా ముందుకు వంగి నీళ్లలోకి దిగి ఉంది.

కంబగిరి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. "ఉప్పే! తేలికపాటి ఉప్పు. తిప్పానాయుడు తెలివైనవాడురా!"

దస్తగిరి ఆ బండనే చూస్తూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి వాడి మొహం వెలిగిపోయింది. "సార్! మునిగేది నెత్తిన అంటే ఆ బండ గదా సార్! రాయి మునుగుతాది. దాని కిందే తేలేటివి ఉండాయి. బండ అడ్డం ఉండేసరికి పైనుంచి ఎవురికీ కనపడ్ల్యా!"

"శభాష్!" అని అరిచాడు కంబగిరి. తనకు తట్టనిది వాడికి తట్టినందుకు కాస్త మొహం ముడుచుకుపోయినా, వాడు తన శిష్యుడే కదా అని సర్దుకున్నాడు. "మేడం, తాడు విప్పండి. నేను దిగుతాను."

నాగవేణి తాడు ముడి విప్పుతూనే ఉంది. దస్తగిరికి ఆ కాసేపు కూడా ఆగాలనిపించలేదు. "మీకేంటికి సార్ కష్టం, నేను చూసొస్తా!" అని టార్చి పట్టుకుని గట్టు వెంబడి బండ అంచు మీదికి ఉరికి, అక్కణ్నుంచి మడుగులోకి దూకేశాడు.

"ఒరే! నీకు ఈత రాదు గదరా!" అని సుంకన్న కేక పెట్టాడు. "వీడు బెండు కట్టుకోకుండా బాయిలో ఎప్పుడూ దిగల్యా సార్!"

దస్తగిరి తల ఒకసారి పైకి వచ్చింది. చేతులు నీళ్లను కొట్టాయి. మళ్లీ తల మునిగింది. టార్చి వెలుగు నీళ్ల కింద గిరగిరా తిరుగుతూ బండ చూరు కిందికి పోయింది.

కంబగిరి చెప్పులతోనే దూకాడు. చిన్నప్పుడు దిగుడుబావుల్లో ఈదిన ఒళ్లు ఆయనది. కళ్లు తెరిచి, ఆ టార్చి వెలుగు వైపు చేతులు బారజాపి ఈదాడు. బండ కింద కనిపించినదాన్ని చూసి ఆయనకు గుండె ఆగినంత పనైంది. మూతికి లక్కతో ముద్ర వేసిన నాలుగు రాగి బిందెలు, ఒక గుత్తిగా గొలుసుతో కట్టి ఉన్నాయి. పైకి పోదామని తన్నుకుంటున్నాయి. ఆ గొలుసు కింది కొస కొక్కేనికి తగిలించిన ఇనుప బద్దీల పెట్టె ఒకటి, నీటిలోపలి రాతి మెట్టు మీద కూర్చుని, బిందెలను కదలనీకుండా పట్టుకుంది. పెట్టె మూల చిట్లి, లోపల పచ్చగా మెరుస్తోంది. బిగుసుకున్న గొలుసుకూ రాయికీ నడుమ దస్తగిరి పాదం ఇరుక్కుపోయి ఉంది.

ఆ ఒక్క క్షణంలో కంబగిరి చేయి ముందు పోయింది పెట్టె మీదికి. తరువాతే పిల్లవాడి మీదికి. అది ఎవరూ చూడలేదు. చూడలేదనే ధీమాతో ఆయన బతకలేకపోయాడు, ఆ సంగతి తరువాత.

పాదం లాగాడు, రాలేదు. వీపును పైనున్న బండకు ఆనించి, బిందెలను రెండు చేతులా బలమంతా పెట్టి కిందికి అదిమాడు. గొలుసు సడలింది. కాలి బొటనవేలితో కొక్కేన్ని తన్నాడు. ఒకసారి, రెండోసారి జారింది, మూడోసారి ఊడింది! పాదం విడివడింది. చేతికందిన గుత్తి గొలుసును దస్తగిరి ఒడిసి పట్టుకున్నాడు. బిందెలు బండ వాలు వెంబడి జారి, ఇద్దర్నీ లాక్కుంటూ భుగ్గున పైకి లేచాయి. లేచేటప్పుడు కంబగిరి కాలు తగిలి పెట్టె మెట్టు మీంచి ఒరిగింది. టార్చి వెలుగులో ఒకసారి పచ్చగా తళుక్కుమని, అడుగు తెలియని చీకట్లోకి దిగిపోయింది.

నాగవేణి, సుంకన్న తాడు విసిరి వాళ్లను గట్టుకు లాగారు. దస్తగిరిని బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కితే కడుపులో నీళ్లన్నీ కక్కాడు. కళ్లు తెరిచి, మొదట వెతుక్కున్నది సారు మొహాన్ని.

"తప్పు నాదే సార్," అన్నాడు వణుకుతూ. "ఉప్పునీళ్లే గదా, గుడ్డే తేల్తే నేను తేలనా అనుకుంటి. నాకే ఎట్ల తేలాల్నో శాతకాల్యా. మీరు మంచిగానే చెప్పినారు సార్."

చచ్చి బతికిన పిల్లవాడు కంబగిరికే క్షమాపణ చెబుతున్నాడు. అంతకంటే వాడు చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

అప్పుడే మాబున్ని తన టార్చిని ఆయన నడుము వైపు తిప్పింది. ప్యాంటు జేబులోంచి పచ్చసొన కారి, తొడ మీదుగా జారుతోంది. గుడ్డు పెంకులు గట్టు మీద రాలాయి.

"ఇదేంది సార్?" అని అడిగింది ఆ పిల్ల. గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా ఆయన తట్టుకునేవాడేమో.

మధ్యాహ్నం తిందామని తెచ్చుకున్న గుడ్డు అనవచ్చు. అంటే నమ్ముతారు. దస్తగిరి అయితే తప్పకుండా నమ్ముతాడు. ఆ నమ్మకమే ఆయనను అబద్ధం ఆడనివ్వలేదు.

"పొద్దున మునిగిన గుడ్డమ్మా ఇది," అన్నాడు కంబగిరి. తల పైకెత్తలేకపోయాడు. "గ్లాసులో తేలింది వేరే గుడ్డు, మురిగింది. నేనే మార్చాను. బడిలో కూడా ఎప్పుడూ మారుస్తూనే ఉన్నాను. చిటికెడు ఉప్పుకు ఏ గుడ్డూ తేలదు. నువ్వు అడిగిందే సరైన ప్రశ్న. నిన్ను కసిరాను. ఒరే దస్తగిరీ, నీ తప్పు లేదురా. నీ ప్రాణం మీదికి తెచ్చింది నేను."

నీటి చుక్కలు పైనుంచి టపటపా పడుతున్నాయి. దస్తగిరి ఆయన వంక అయోమయంగా చూసి, మెల్లగా మొహం పక్కకు తిప్పుకున్నాడు. సిగ్గుతో కంబగిరి ఒళ్లు కుంచించుకుపోయింది. ఆ మడుగులోనే ఉండిపోయి ఉంటే బాగుండేదనిపించింది.

"సార్, ఆ చుక్కలేంది ఇట్ల ఎక్కువయితాండాయి?" అని నాగవేణి చెవి రిక్కించింది. మరుక్షణం దారి వైపు నుంచి హోరున చప్పుడు! "వాన! బయట వాన పడ్తాంది! లేయండి, బిరబిరా నడవండి!"

పాకే చోటు ఇంకా పొడిగానే ఉంది. పల్లం దగ్గరికి వచ్చేసరికి అందరి కాళ్లూ ఆగిపోయాయి. పొద్దున మోకాటి లోతున్న నీళ్లు ఇప్పుడు పెద్దవాళ్ల మెడదాకా వచ్చి, ఎర్రగా సుడి తిరుగుతున్నాయి. పిల్లలకైతే తల మునిగే లోతు. సుంకన్న ఇక దాచుకోలేక బావురుమన్నాడు.

"బిందెలు!" అన్నాడు కంబగిరి. వెనక్కి పాకి, గుత్తిని లాక్కొచ్చి గొలుసు విడదీశాడు. "తలా ఒకటి పొట్ట కింద పెట్టుకోండి. మిమ్మల్ని మోస్తాయి."

పిల్లలు కదల్లేదు. మగపిల్లలిద్దరూ మాబున్ని మొహం చూశారు, ఆయన మొహం చూడలేదు. ఇన్నాళ్లూ ఆయన గీసిన గీత దాటని పిల్లలు!

"ఏంటికి మోస్తాయి సార్?" అని అడిగింది మాబున్ని. "అవి గూడా రాగివే గదా. రాగి మునగదా?"

నీళ్లు పెరుగుతున్నాయి. అయినా కంబగిరికి కోపం రాలేదు. జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకు పరీక్ష కోసం కాక ప్రాణం కోసం జవాబు చెప్పాడు. "రాగి ముద్ద అయితే మునుగుతుంది. దాన్నే పలచగా సాగగొట్టి బిందె చేస్తే, లోపల గాలి ఉంటుంది. బిందె ఎంత చోటు ఆక్రమిస్తే అంత నీటిని పక్కకు నెడుతుంది. ఆ నెట్టిన నీటి బరువు బిందె బరువు కంటే చాలా ఎక్కువ. ఆ తేడాయే నిన్ను మోస్తుంది. గాలి ఉన్నంత వరకే. ఎక్కడైనా చిల్లు పడి నీళ్లు దూరితే నిన్నూ తీసుకుని మునుగుతుంది. నా మాట నమ్మవద్దు. నువ్వే చూడు."

మాబున్ని ముందుకు వచ్చింది. మొదటి బిందెను రెండు చేతులతో బలవంతాన నీళ్లలోకి అదిమిపట్టి, టార్చి దగ్గరగా పెట్టి చూసింది. బుడగ రాలేదు. రెండోది బాగానే ఉంది. మూడోదాన్ని అదమగానే లక్క పక్కనుంచి సన్నగా బుడబుడమని బుడగల వరస లేచింది.

"ఇది వద్దు," అని దాన్ని పక్కకు తోసింది. అందరూ చూస్తుండగానే ఆ బిందె కాసేపు ఒరిగి తేలి, గుటకలు వేస్తూ మునిగిపోయింది. అది ఎవరి పొట్ట కింద ఉండేదో తలుచుకుని కంబగిరి కళ్లు మూసుకున్నాడు. నాలుగోది మంచిదే.

"నడవండి ఇంగ!" అని నాగవేణి తాడు కొసను ఒక రాతి ఊడకు బిగించింది. కంబగిరి రెండో కొస పంటితో పట్టుకుని, గోడ పట్టి, మెడలోతు నీళ్లలో ముందు నడిచి అవతల కట్టాడు. సుంకన్న కళ్లు గట్టిగా మూసుకుని బిందె మీద బోర్లా పడుకున్నాడు. మాబున్ని తాడు పట్టి కాళ్లు ఆడించింది. దస్తగిరి చివరివాడు. నడుమకు వచ్చేసరికి సుడి వాడి బిందెను పక్కకు లాగింది.

"చేయి ఇవ్వరా!" అని అరిచాడు కంబగిరి.

వాడు ఒక్క క్షణం ఆ చేతిని చూశాడు. అందుకోవాలా వద్దా అని ఆలోచించాడు. అది ఆయన చూశాడు. ఆ తరువాతే వాడు పట్టుకున్నాడు.

వాళ్లు గవి నోట్లోంచి వానలోకి పడ్డారు. వెనకే నాగవేణి తాడు చుట్టుకుంటూ వచ్చింది. కొద్దిసేపటికే పల్లం పూర్తిగా నిండి, లోపలి దారి మూసుకుపోయింది. పాలెగాడి పెట్టె ఇక ఏ చేతికీ అందదు. అది పోయినందుకు ఆ తడిసిన గుంపులో ఎవరికీ విచారం లేదు. కొండ దిగుతూ ఎవరూ కంబగిరితో మాట్లాడలేదు. నాగవేణి మాత్రం ఊరి పొలిమేరలో, "హెడ్మాస్టరుకు మీరే చెప్తారా సార్, నన్ను చెప్పమంటారా?" అంది.

"నేనే చెప్తాను," అన్నాడు. చెప్పాడు కూడా. దస్తగిరి ఇంటి గడప ముందు నిలబడి, వాళ్ల అమ్మకు కూడా చెప్పాడు. ఆమె తిట్టిన తిట్లన్నీ తల వంచుకుని విన్నాడు. పెట్టె మీదికి ముందు పోయిన చేయి సంగతి కూడా దాచలేదు. అది చెప్పినప్పుడు ఆమె తిట్టడం ఆపేసి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మూడు రాగి బిందెలను తహసీల్దారు ఆఫీసు వాళ్లు వచ్చి తీసుకుపోయారు.

సోమవారం తొమ్మిదో తరగతిలో కంబగిరి బల్ల మీద రెండు గాజుగ్లాసులు పెట్టాడు. ఒక పెద్ద ఉప్పు ప్యాకెట్ పెట్టాడు. చేతులు రెండూ బల్ల మీదే ఉంచి, తరగతి మొత్తానికీ జరిగింది చెప్పాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు తనకు రావలసిందేనని ఊరుకున్నాడు.

"గుడ్డు మీరే తేవాలి," అన్నాడు.

మాబున్ని తమ ఇంటి కోడి ఆ పొద్దున పెట్టిన గుడ్డు తెచ్చింది. నీళ్లలో వేస్తే మునిగింది. చిటికెడు ఉప్పు వేశారు, అలాగే ఉంది. చెంచాడు వేశారు, అలాగే ఉంది. దస్తగిరిని కలపమంటే వాడు లేచి రావడానికి కొంచెం సేపు పట్టింది. వచ్చి, సారు వైపు చూడకుండా చెంచా తిప్పాడు. ఉప్పు వేయడం, కలపడం, తేటపడేదాకా కాచుకోవడం. పీరియడ్ సగం అయిపోయింది. గుడ్డు మొదట అడుగున నిటారుగా లేచి నిలబడింది. ఇంకో చెంచా తరువాత గ్లాసు నడుమ ఆగింది. ఆ తరువాత మెల్లగా పైకి వచ్చి, నెత్తి బయట పెట్టింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాబున్ని లేచి వచ్చి, గుడ్డును చెంచాతో తీసి, పక్కన మంచినీళ్ల గ్లాసులో వేసింది. అది బుడుంగున మునిగింది. అప్పుడు వెళ్లి కూర్చుంది.

కంబగిరి ఆమె కూర్చునేదాకా ఆగి, బోర్డు మీద పాఠం పేరు రాశాడు.